నాన్న కొన్న షేర్ల కంపెనీ ఎటు పోయింది? ఫైలింగుల్లో వెతకడానికి దారే లేదా?

వనజ_విశాఖ
నాన్నగారి బీరువా సర్దుతుంటే 1995లో కొన్న షేర్ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. హైదరాబాద్ కంపెనీ, 300 షేర్లు. పేరు ఇక్కడ రాయను, రాస్తే రేపటి నుంచి టిప్పుల మెసేజీలు మొదలవుతాయి. ఆ కంపెనీ మధ్యలో పేరు మార్చుకుంది, ఆ తర్వాత ఇంకో కంపెనీలో కలిసిపోయింది. ఇదంతా బాబాయి చెప్పిన మాట. నాకు కావలసింది ఒక్క ముక్క. కలిసినప్పుడు ఎన్ని పాత షేర్లకు ఎన్ని కొత్తవి ఇచ్చారు?

మూడు రాత్రులు కూర్చున్నాను. ఒక సైట్లో (ఏ సైటో అడగకండి) పాత పేరు కొడితే "రికార్డులు లేవు" అంటుంది. కొత్త పేరు కొడితే వందల ప్రకటనలు వస్తున్నాయి, అన్నింటి శీర్షికా ఒకటే: "కంపెనీ సమాచారం". లోపలి మాటలతో వెతికే వీల్లేదు. ఒక్కొక్క పీడీఎఫ్ తెరవాలి, మూయాలి. నేను లెక్కల టీచర్ని, ఓపిక తక్కువేం కాదు. కానీ అందరూ చూడాలనే కదా ఇవన్నీ బహిరంగంగా పెట్టేది? మరి ఇలా పెట్టి ఏం లాభం?

చింతపండు65
గూగుల్లో కొడితే రాదా?

వనజ_విశాఖ
కొట్టాను. "ఈ షేరు ఇప్పుడు కొనొచ్చా" అనే వీడియోలు పద్నాలుగు వచ్చాయి.

స్మాల్‌క్యాప్_సుబ్బులు
మీ బాధ నాకు బాగా తెలుసు మేడమ్. నేను ఓసారి ఒక చిన్న కంపెనీ ఆడిటర్ ఎందుకు రాజీనామా చేశాడో వెతికాను. ఉత్తరం పెట్టారు, పెట్టలేదని అనను. బోర్డు మీటింగ్ నిర్ణయాల పీడీఎఫ్‌లో, పదిహేడో పేజీలో, అడ్డంగా తిప్పి స్కాన్ చేసి పెట్టారు. మెడ పక్కకు వంచి చదివాను. అప్పటికే షేరు సగమైంది.

గుంటూరు_సీఏ
@వనజ, ముందు పేరుతో వెతకడం మానేయండి. నంబరు పట్టుకోండి.

ఇప్పుడు ప్రతి కంపెనీకీ సీఐఎన్ అని 21 అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి అక్షరం ఎల్ అయితే లిస్టెడ్, యు అయితే కాదు. తర్వాత ఐదంకెలు వ్యాపారం రకం, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు పుట్టిన ఏడాది, మూడక్షరాలు కంపెనీ తరహా, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. 1995 సర్టిఫికెట్ మీద సీఐఎన్ ఉండదు. కానీ దానిమీదో, అప్పటి వార్షిక నివేదిక మొదటి పేజీలోనో "01-" అని మొదలయ్యే నంబరు ఉందేమో చూడండి. 01 అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్. గీత తర్వాత ఉన్నదే మీ తాళంచెవి.

దాంతో కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో మాస్టర్ డేటా చూడండి, అది ఉచితం. కలిసిపోయిన కంపెనీ అయితే స్టేటస్‌లో "అమాల్గమేటెడ్" అని ఉంటుంది. విలీనం ఏ ఏడాది?

వనజ_విశాఖ
2007 అని బాబాయి అంటున్నారు. ఆయన ఏడాది ఎప్పుడూ ఒకటి అటో ఇటో చెబుతారు.

గుంటూరు_సీఏ
2007 అయితే మీ అదృష్టం. ఆ శాఖ ఫైలింగులు 2006లో ఆన్‌లైన్‌కి వచ్చాయి. అప్పట్లో విలీనాలకు హైకోర్టు ఆమోదం కావాలి (కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి ఈ పని వచ్చింది 2016 డిసెంబరులో). కోర్టు ఉత్తర్వును కంపెనీ ఫారం 21తో దాఖలు చేసి ఉంటుంది. ఉత్తర్వు వెనకాల విలీనం స్కీమ్ జతచేస్తారు, అందులో మార్పిడి నిష్పత్తి ఉండి తీరాలి. 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ పత్రాలు చూడవచ్చు. "వార్షిక నివేదికలు" అనే గంపలో వెతక్కండి, "ఇతర పత్రాలు" అనే గంపలో ఉంటుంది. తెరిచాక మూడు గంటలే టైము, కాఫీ ముందే తాగేసి కూర్చోండి.

కోడ్‌కూలీ
సీఐఎన్ తాళంచెవే, కాదనను. కానీ ఆ తాళంచెవే మారిపోతుంటుంది సీఏ గారూ. నేను సరదాగా హైదరాబాద్ కంపెనీల పత్రాలన్నీ ఒకచోట చేర్చే ప్రోగ్రాము రాశాను. సీఐఎన్‌నే గుర్తుగా పెట్టుకున్నా. 2014 విభజన తర్వాత మధ్యలో ఉండే ఏపీ అనే రెండక్షరాలు టీజీ అయ్యాయి. డాక్టర్ రెడ్డీస్‌నే చూడండి, ముందు ఎల్85195ఏపీ1984, తర్వాత ఎల్85195టీజీ1984. నా ప్రోగ్రాము అవి రెండు వేరే కంపెనీలనుకుంది. లిస్టింగ్ పోతే మొదటి అక్షరం మారుతుంది. వ్యాపారం మారితే ఐదంకెలు మారతాయి. రిజిస్టర్డ్ ఆఫీసు వేరే రాష్ట్రానికి పోతే చివరి ఆరంకెలకు కూడా గ్యారంటీ లేదు.

పోనీ షేరుకిచ్చే గుర్తు నంబరు ఐఎస్ఐఎన్ వాడదామంటే, షేరు ముఖవిలువ చీలిస్తే అదీ మారుతుంది.

తెనాలి_తుంటరి
అంటే నీ డేటాబేస్‌లో కూడా రాష్ట్ర విభజన జరిగిందన్నమాట. రాజధాని ఎక్కడ పెట్టావ్ అన్నా?

కోడ్‌కూలీ
ప్రస్తుతానికి మా అమ్మ వాళ్ల ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో.

ఎడిసన్_బాబాయ్
ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని మీ కష్టాలు చదువుతుంటే జాలేస్తోంది. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వాళ్ల ఎడ్గార్ (కంపెనీల ఫైలింగులు పెట్టే చోటు) వాడినవాళ్లు ఉన్నారా? ప్రయోగంగా మొదలైంది 1984లో. కంపెనీలన్నీ కచ్చితంగా అందులోనే దాఖలు చేయాలన్నది 1993 నుంచి విడతలవారీగా వచ్చి 1996కి పూర్తయింది. ప్రతి కంపెనీకీ సీఐకే అని పదంకెల నంబరు. పేరు మారినా, ఊరు మారినా, లిస్టింగ్ పోయినా అదే నంబరు. పాత పేరు కొట్టినా సరైన కంపెనీకే తీసుకెళ్తుంది, పాత పేర్ల జాబితా కూడా చూపిస్తుంది. వనజ గారి సమస్య అక్కడ మొదటి నిమిషంలోనే తేలిపోయేది.

అసలు సంగతి లోపలి మాటలతో వెతకడం. 2001 నుంచి వచ్చిన పత్రాలన్నీ, జతచేసిన కాగితాలతో సహా, మాట కొట్టి వెతకొచ్చు. పదబంధాన్ని కోట్స్‌లో పెడితే సరిగ్గా ఆ మాటే చూస్తుంది, చుక్క గుర్తు (*) పెడితే ఆ మొదలుతో ఉన్న మాటలన్నీ చూస్తుంది. మన కంపెనీలు అక్కడ లిస్టయినవి ఏటా 20-ఎఫ్ అనే వార్షిక నివేదిక దాఖలు చేస్తాయి కదా. ఇండియాలో వార్షిక నివేదిక పేజీలు తిప్పే బదులు నేను అవే చదువుతాను.

పెట్టుబడి_పుల్లయ్య
మొదలైంది! "మా అమెరికాలో".

ఎడిసన్_బాబాయ్
మా అమెరికాలో కూడా ఇది ఊరికే రాలేదు బాబూ. మొదట్లో ఆ సమాచారం కావాలంటే దాన్ని అమ్ముకునే ప్రైవేటు కంపెనీలకు డబ్బు కట్టి కొనుక్కోవాలి. 1993లో కార్ల్ మలమూద్ అనే ఆయన అవన్నీ ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టాడు. రెండేళ్లు నడిపి, ఇక నేను ఆపేస్తున్నాను అన్నాడు. అలవాటుపడిన జనం గోల పెట్టారు. 1995లో ఎస్ఈసీయే ఆ పని నెత్తిన వేసుకుంది. మాటలతో వెతికేది కూడా చాలాకాలం వెనక్కి నాలుగేళ్ల వరకే ఉండేది, 2001 దాకా తీసుకెళ్లింది 2020లోనే.

రిటైర్డ్_బ్రోకర్
ఎడిసన్ గారు చెప్పింది బాగుంది. కానీ ఇక్కడ అసలు చిక్కు వేరు. వనజ గారి కంపెనీ ఎక్కడ లిస్టయింది? 94, 95ల్లో పబ్లిక్ ఇష్యూల వెర్రి నడిచినప్పుడు సగం కంపెనీలు హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయ్యాయి. హిమాయత్‌నగర్ బిల్డింగ్ మెట్ల మీద అప్లికేషన్ ఫారాలు పల్లీల్లా అమ్మేవాళ్లు. 1943లో మొదలైన ఎక్స్ఛేంజ్ అది, 2007లో గుర్తింపు పోయింది. ఆ రోజుల్లో కంపెనీ ఉత్తరం అంటే కాగితం. గుమాస్తా ముద్ర కొట్టి ఫైల్లో పెట్టేవాడు. కంప్యూటర్లోకి ఎక్కని కాగితాన్ని ఏ సెర్చ్ బాక్సు వెతుకుతుంది?

మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2002లో ఎడిఫార్ అని ఒకటి పెట్టింది, అచ్చం ఎడ్గార్ పేరులాగే. 2010లో ఎత్తేశారు. మధ్యలో రెండు పెద్ద ఎక్స్ఛేంజీలు కలిసి ఇంకో సైటు పెట్టాయి. ఏ ఏడాది పత్రం ఏ గూట్లో ఉంటుందో తెలియాలంటే ముందు ఈ వంశవృక్షం తెలియాలి.

పెట్టుబడి_పుల్లయ్య
ఒక మాట అడుగుతా, ఎవరూ తిట్టకండి. సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్‌లో కూడా లిస్టయింది. ఏటా 20-ఎఫ్ పెట్టింది. ఎడిసన్ బాబాయ్ చెప్పిన సెర్చ్ అంతా అక్కడ ఉంది. 2009 జనవరి 7న రామలింగరాజు తప్పు ఒప్పుకున్న ఉత్తరం వచ్చేదాకా ఎవరు పట్టుకున్నారు? బ్యాంకుల్లో 5,361 కోట్లు అని చూపించారు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. లేని డబ్బు పీడీఎఫ్‌లో ఉన్న డబ్బులాగే కనిపిస్తుంది. సెర్చ్ బాగుచేస్తే మోసం ఆగుతుందనుకోవడం భ్రమ.

కోడ్‌కూలీ
మోసం ఆగుతుందని ఇక్కడ ఎవరన్నారు? వనజ గారు అడిగింది మార్పిడి నిష్పత్తి. రోడ్డు మీద లైటు వేయమంటే, లైటు వేస్తే దొంగతనాలు ఆగుతాయా అన్నట్టుంది. ముందు గుంత కనపడనీ.

పెట్టుబడి_పుల్లయ్య
లైటు వేస్తే దొంగకి కూడా గుంత కనపడుతుంది మరి. :)

గుంటూరు_సీఏ
పుల్లయ్య గారి మాటలో సగం నిజం ఉంది. దాచాలనుకున్నవాడు అబద్ధం రాయక్కర్లేదు. నిజమే రాసి, శీర్షికలో దాస్తాడు. సెబీ నిబంధన 30 కింద బోర్డు మీటింగ్ అయిన 30 నిమిషాల్లో (మార్కెట్ మూశాక అయితే ఇప్పుడు 3 గంటల్లో) చెప్పాలి, చెబుతాడు. "మీటింగ్ ఫలితం" అని శీర్షిక పెట్టి, ఫలితాల మధ్యలో గ్రూపు కంపెనీకి ఇచ్చిన గ్యారంటీ గురించి ఒక పేరా. చట్టం దృష్టిలో వెల్లడించినట్టే. లోపలి మాటలతో వెతికే వీలుంటే ఈ ఆట సాగదు, అందుకే నేను వనజ గారి పక్షం.

స్మాల్‌క్యాప్_సుబ్బులు
స్కాన్ చేసిన కాగితం సంగతి కూడా అడగండి సీఏ గారిని. వర్డ్‌లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం చేస్తారు, సీలు వేస్తారు, మళ్లీ స్కాన్ చేసి పెడతారు. మాటలుగా పుట్టినదాన్ని బొమ్మగా మార్చడానికి ఇంత శ్రమ ఎందుకు?

గుంటూరు_సీఏ
నన్నే తిడుతున్నారని అర్థమైంది. సంతకం ఉన్న కాగితమే అసలైనదని మా వాళ్ల నమ్మకం. సెర్చ్ చేయదగ్గ పీడీఎఫ్‌లే పెట్టమని ఎక్స్ఛేంజీలు కంపెనీలకు ఎప్పుడో చెప్పాయి. డిజిటల్ సంతకం కూడా ఉంది. అయినా ఫలితాల రోజు రాత్రి పదింటికి, ఎండీ ఊళ్లో లేకపోతే, ఆయన వాట్సాప్‌లో పంపిన ఫొటో పేజీయే పీడీఎఫ్‌లోకి వెళ్తుంది. నేను స్వయంగా పంపాను, ఒప్పుకుంటున్నా.

కోడ్‌కూలీ
ఒప్పుకున్నారు కాబట్టి క్షమించాం. నేను టెసరాక్ట్ అనే ప్రోగ్రాము పెట్టి ఆ బొమ్మల్ని మళ్లీ మాటలుగా మార్చాను. ఇంగ్లీషు పేరాలు బాగానే వస్తాయి. పట్టికలే చంపుతాయి. సరిగ్గా మొత్తం లాభం అంకె మీదే గుండ్రటి సీలు పడుతుంది, ఎవరో ముహూర్తం పెట్టి వేసినట్టు. 8ని 3గా చదువుతుంది. ఒక పేజీ లక్షల్లో, ఇంకోటి మిలియన్లలో. ఒకసారి ఒక చిన్న పైపుల కంపెనీ అమ్మకాలు రిలయన్స్‌ని దాటేశాయి. రెండు రోజులు సంతోషపడ్డాను.

చింతపండు65
ఎక్స్‌బీఆర్ఎల్ అనే దాఖలు పద్ధతి ఉంది కదా, అందులో ప్రతి అంకెకూ ట్యాగు ఉంటుందిగా?

కోడ్‌కూలీ
ఉంది, అంకెలకు అది బంగారం. 2010-11 నుంచి పెద్ద కంపెనీలు కంపెనీ వ్యవహారాల శాఖకు అలాగే దాఖలు చేస్తున్నాయి. కానీ వనజ గారికి కావలసింది అంకె కాదు, వాక్యం. "ప్రతి ఇన్ని షేర్లకు ఇన్ని" అన్న వాక్యం. ట్యాగు లేనిచోట మాటలతో వెతకడమే గతి.

నెల్లూరు_నిద్రలేమి
అసలు గోల ఇంకోటుంది, ఎవరూ ఎత్తట్లేదు. మన పేర్ల స్పెల్లింగు! "శ్రీ"తో మొదలయ్యే కంపెనీ వెతకండి చూద్దాం. ఎస్-ఆర్-ఐ ఒకటి, ఎస్-హెచ్-ఆర్-ఐ ఒకటి, ఎస్-ఆర్-ఇ-ఇ ఒకటి, ఎస్-హెచ్-ఆర్-ఇ-ఇ ఇంకోటి. తర్వాత "వెంకటేశ్వర" వస్తే వి-యా, డబ్ల్యూ-యా, చివర ఏ ఉందా లేదా. "లక్ష్మి"కి ఎక్స్ పెట్టేవాళ్లూ ఉన్నారు, కె-ఎస్-హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒక్క అక్షరం తప్పితే "రికార్డులు లేవు". ఉచ్చారణ దగ్గరగా ఉన్నవి చూపించడం రాకెట్ సైన్సేం కాదు, రైల్వే టికెట్ యాప్‌లో ఊరి పేరు తప్పు కొట్టినా చూపిస్తుంది.

తెనాలి_తుంటరి
శ్రీ శ్రీ శ్రీ అని మూడుసార్లు పెట్టిన కంపెనీ ఉంటే నీ పని అయిపోయినట్టే. 64 రకాలు.

వనజ_విశాఖ
లెక్క సరిగ్గానే చెప్పారు, నాలుగు నాలుగ్లు పదహారు, పదహారు నాలుగ్లు అరవైనాలుగు. పూర్తి మార్కులు.

ఏలూరు_చదువరి
తెలుగులో వెతకడం గురించి కూడా చెప్పాలి. కంపెనీలు ఫలితాల ప్రకటనలు ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేస్తూ వచ్చాయి. ఆ తెలుగు పత్రిక ముక్కను కూడా స్కాన్ చేసి పెడతారు. అందులో కంపెనీ పేరు, వాటాదారులకు నోటీసు, డివిడెండ్ తీసుకోనివాళ్లకు గడువు, అన్నీ తెలుగులోనే. మా అమ్మ చదవగలిగింది అదొక్కటే. కానీ వెతికితే దొరకదు. నేరుగా డీటీపీ నుంచి తీసిన పీడీఎఫ్ అయినా, అను ఫాంట్లలో ఉంటే కాపీ చేసినప్పుడు వచ్చేది డాలర్లూ కామాలూ కొమ్ములూ. పైకి తెలుగు, లోపల ఏ భాషో దేవుడికే తెలియాలి.

స్మాల్‌క్యాప్_సుబ్బులు
ఏఐని అడిగితే సరిపోదా ఇవన్నీ? పీడీఎఫ్‌లు పడేసి ప్రశ్న అడగడమే.

వనజ_విశాఖ
మా అబ్బాయి అడిగాడు. ఠక్కున "ప్రతి 3 షేర్లకు 1" అంది. ఏ పేజీలో ఉందిరా అంటే క్షమాపణ చెప్పింది. నా క్లాసులో స్టెప్పులు రాయకుండా జవాబు రాస్తే సున్నా.

ఎడిసన్_బాబాయ్
ఇంకోటి మర్చిపోయా. అక్కడ సవరించిన పత్రం పెడితే ఫారం పేరు చివర గీత, ఏ అని వస్తుంది. 10-కె అంటే వార్షిక నివేదిక, 10-కె/ఏ అంటే దాని సవరణ అని చూడగానే తెలుస్తుంది. మన దగ్గర తప్పు సరిదిద్ది మళ్లీ పెట్టింది కూడా మామూలు ప్రకటనలాగే కనిపిస్తుంది. ఏది ముందుదో, ఏది సరైనదో టైము చూసి ఊహించుకోవాలి.

పెట్టుబడి_పుల్లయ్య
అన్నీ తెరిచి ఉచితంగా పెడితే ఈ కోడ్‌కూలీ లాంటివాళ్లు రాత్రంతా తోడేసి సైటు కూలుస్తారు. క్యాప్చా పెట్టింది అందుకే.

కోడ్‌కూలీ
అక్కడ దీనికి చక్కటి మందుంది పుల్లయ్య గారూ. ఎడ్గార్లో సెకనుకు 10 అభ్యర్థనల వరకు తీసుకో, నువ్వెవరో చెప్పి తీసుకో అంటారు. దాటితే కాసేపు ఆపేస్తారు, అంతే. బ్రిటన్ కంపెనీస్ హౌస్ 2015 నుంచి అన్నీ ఉచితంగా ఇస్తోంది, అక్కడా హద్దుంది, ఐదు నిమిషాలకు 600. ముందు తలుపు తెరిచి వరుసలో రమ్మంటే ఎవడూ కిటికీ ఎక్కడు. క్యాప్చా వల్ల ఆగేది నేను కాదు, వనజ గారు.

రిటైర్డ్_బ్రోకర్
నిజమే. ఆ వంకర అక్షరాలు నా కళ్లకు కనపడవు. మనవరాలిని పిలుస్తాను, అది "తాతయ్యా నువ్వు రోబోవా" అని నవ్వుతుంది.

గుంటూరు_సీఏ
మంచి వార్త కూడా ఒకటి చెప్పుకోవాలి. 2024 చివరి నుంచి ఒక ఎక్స్ఛేంజ్‌లో దాఖలు చేస్తే రెండోదానికి అదే వెళ్లే ఏర్పాటు మొదలైంది. ఇన్నాళ్లూ మేం ఒకే కాగితం రెండు చోట్ల పెట్టేవాళ్లం, ఒక్కోసారి రెండు చోట్లా రెండు రకాలుగా. ఇక ఆ రెండింటి మీదా కలిపి ఒక్క వెతుకుడు పెట్టడానికి అడ్డేం లేదు. సెబీ సంప్రదింపు పత్రాలు వేసినప్పుడు అభిప్రాయాలు ఎవరైనా పంపవచ్చు. ఈసారి ఈ విషయం మీద పడితే నేను రాసి పంపుతా: మారని నంబరు, పాత పేర్లు, లోపలి మాటలు, సవరణ గుర్తు. నెల్లూరు గారూ, మీ శ్రీల లిస్టు నాకు కావాలి.

నెల్లూరు_నిద్రలేమి
ఇవాళ రాత్రి ఎలాగూ నిద్ర రాదు, పంపిస్తా.

వనజ_విశాఖ
దొరికింది!!!

సర్టిఫికెట్ మీద లేదు కానీ 1997 వార్షిక నివేదిక అదే కవర్లో ఉంది, మొదటి పేజీలో "01-" నంబరు. సీఏ గారు చెప్పినట్టు వెళ్తే స్టేటస్ "అమాల్గమేటెడ్". బాబాయి ఈసారి ఏడాది కరెక్టుగా చెప్పారు. 100 రూపాయలు కట్టాను. మొదటిసారి తెరిచిన పావుగంటకు మా వీధిలో కరెంటు పోయింది, మూడు గంటలు రాలేదు. ఇంకో 100 కట్టాను. "ఇతర పత్రాలు"లో ఫారం 21, దాని వెనక 62 పేజీల ఉత్తర్వు, 49వ పేజీలో ఉంది. ప్రతి 5 షేర్లకు 2. అంటే 300కి 120. ఏఐ లెక్కన 100 వచ్చేవి.

కోడ్‌కూలీ
స్టెప్పులతో సహా జవాబు! ఆ పేజీ స్కానా, అక్షరాలా?

వనజ_విశాఖ
స్కానే. తలకిందులుగా.

గుంటూరు_సీఏ
శుభం. ఇప్పుడు అసలు పరీక్ష. ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. కొత్త కంపెనీ సైట్లో అలా పంపినవాళ్ల జాబితా ఉంటుంది, నాన్నగారి పేరు ఉందేమో చూడండి. ఉంటే ఐఈపీఎఫ్-5 ఫారం పెట్టాలి.

వనజ_విశాఖ
చూశాను. జాబితా కూడా బొమ్మే, పేరు కొడితే దొరకలేదు. వరుసన వేలు పెట్టి చదివితే 41వ పేజీలో 120 షేర్లతో ఒకాయన ఉన్నారు. ఊరు మాదే, వీధి మాదే. ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ. నాన్నగారే. దీనికి అఫిడవిట్టు కావాలా?

గుంటూరు_సీఏ
కావాలి. రెండు పేర్లూ ఒకరివేనని స్టాంపు పేపరు మీద, నోటరీతో. దాన్ని స్కాన్ చేసి పెట్టాలి.

తెనాలి_తుంటరి
మేడమ్, నిటారుగా పెట్టండి.